అమ్మో నాన్నో హఠాత్తుగా పోతే: మొదటి గంట నుంచి ఏడాది దాకా ఇంట్లోవాళ్ళు చేయాల్సినవి

జబ్బుపడి మంచాన ఉన్న మనిషి పోతే ఇంటిల్లిపాదీ అంతో ఇంతో సిద్ధపడి ఉంటారు. పొద్దున కాఫీ తాగి బజారుకెళ్ళిన నాన్న గుండెపోటుతో పోయాడనో, బండి మీద వస్తుంటే అమ్మకి యాక్సిడెంటయిందనో కబురొస్తే మాత్రం ఎవరికీ ఏమీ తోచదు. ఆ తోచని గంటల్లోనే ఆసుపత్రిలో సంతకం పెట్టమంటారు, పోలీసులు వివరాలడుగుతారు, బంధువులు ముహూర్తం ఎప్పుడంటారు, పదకొండో రోజు దాటకముందే అప్పులవాళ్ళు గుమ్మంలో నిలబడతారు.

నిజానికి గడువున్న పనులు కొన్నే. వాటిని గుర్తుపట్టి వేళకు చేసేయాలి. మిగతా వాటిని ఎంత పెద్దవాళ్ళు తొందరపెట్టినా ఆపాలి. ఇంట్లోవాళ్ళకి ఏడవడానికి, కోలుకోవడానికి కాస్త వ్యవధి దొరకాలంటే ఇదొక్కటే దారి. ఇక్కడ చెప్పేవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పద్ధతులను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

మొదటి రెండు గంటలు

మనిషి కుప్పకూలితే పోయారని ఇంట్లోవాళ్ళే తేల్చేయకూడదు. 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. ప్రాణం పోయిందని డాక్టరు చూసి చెప్పాకే మిగతా పనులు.

ఇంట్లోనే పోతే, వాళ్ళకి ముందునుంచీ వైద్యం చేస్తున్న డాక్టరుని పిలిపించి మరణ కారణం ధ్రువపత్రం రాయించుకోవాలి. ఇంట్లో మరణానికి ఫారం 4ఏ, ఆసుపత్రిలో మరణానికి ఫారం 4. చాలా ఇళ్ళలో ఈ కాగితం సంగతి దహనం అయ్యాక గుర్తొస్తుంది. శరీరాన్ని చూడని డాక్టరు తర్వాత సంతకం పెట్టడు, పెట్టనూ కూడదు. కాబట్టి ఆ గంటలోనే అడగండి.

ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ప్రాణం పోయి ఉంటే దాన్ని ‘బ్రాట్ డెడ్’ అని రాస్తారు. కారణం తెలియకపోతే పోలీసులకు సమాచారమిస్తారు. రోడ్డు ప్రమాదం, కరెంటు షాకు, పాముకాటు, పురుగుమందు, మేడ మీంచో చెట్టు మీంచో పడటం, ఆత్మహత్య, ఏ అనుమానమున్న మరణమైనా పోలీసు పంచనామా, పోస్టుమార్టం తప్పవు. ‘శరీరాన్ని కొయ్యొద్దు, తెలిసినవాళ్ళతో మాట్లాడి తీసుకెళ్ళిపోదాం’ అనే సలహా ఆ క్షణాన దయగా వినిపిస్తుంది. దాని ఫలితం ఆర్నెల్ల తర్వాత కనిపిస్తుంది. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు లేకపోతే ప్రమాద బీమా డబ్బు దాదాపు రాదు. పాముకాటుకైతే వెంటనే ఆసుపత్రిలో రాసిన కాగితమైనా ఉండాలి. వయసులో ఉన్నవాళ్ళు కారణం తెలియకుండా పోయినప్పుడు, చట్టం పట్టుబట్టకపోయినా పోస్టుమార్టం చేయించడమే మంచిది. వంశపారంపర్యంగా వచ్చే గుండె జబ్బేదైనా ఉంటే పిల్లలు ముందే పరీక్ష చేయించుకోవచ్చు. వసతులున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయడానికి 2021 నవంబరులో కేంద్రం అనుమతిచ్చింది. హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణాల వంటివి మాత్రం మామూలుగా పగటిపూటే. తెల్లారేదాకా ఆగక తప్పదని ఎవరన్నా అంటే, డ్యూటీ డాక్టరుని ఒకసారి అడగండి.

కళ్ళు దానం చేయాలనుకుంటే గడువు ఆరు గంటలు. ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి ఐ బ్యాంకుకి ఫోన్ చేయాలి. షుగరున్నా, కళ్ళజోడున్నా, శుక్లాల ఆపరేషనయినా ఇవ్వొచ్చు. పోలీసు కేసయితే వాళ్ళ అనుమతి కావాలి. మెడికల్ కాలేజీకి శరీరదానం మాత్రం పోస్టుమార్టం అయ్యాక మామూలుగా తీసుకోరు.

రెండు మూడు గంటల్లో శరీరం బిగుసుకోవడం మొదలవుతుంది. ఆలోపే రెప్పలు మూసి, గడ్డం కింద నుంచి మెత్తటి గుడ్డ కట్టి, చేతులు, కాళ్ళు సరిచేసి, బొటనవేళ్ళు కలిపి కట్టాలి. ఛాతీలో పేస్‌మేకర్ ఉంటే దహనానికి ముందు తీయించి తీరాలి. మంటల్లో అది పేలుతుంది. ఈ సంగతి ఆసుపత్రివాళ్ళకి మీరే గుర్తుచేయండి.

ఎవరు ఏ పని చూడాలి

అన్నీ పెద్దకొడుకు నెత్తినే పడేస్తే అతనికి ఏడ్చే తీరిక కూడా ఉండదు. అందుకని పనులు వెంటనే పంచుకోండి. కబుర్లు చెప్పడానికి ఒకరు. కాగితాలకు, పోలీసులకు, ఆసుపత్రికి ఒకరు. వీళ్ళు అల్లుడో, మేనమామో, బాబాయో అయితే ఇంకా మంచిది. వచ్చినవాళ్ళ మంచినీళ్ళు, భోజనాలు చూడటానికి ఇరుగుపొరుగువాళ్ళు. పోయినవారి భార్య లేదా భర్త పక్కనే కూర్చోవడానికి ఒకరు. ఈ మనిషి వేరే ఏ పనీ పెట్టుకోకూడదు. బీపీ, షుగరు మాత్రలు వేళకు వేయించడం, గంటకోసారి మంచినీళ్ళు తాగించడం, పడుకోబెట్టడం అంతా వాళ్ళదే. దుఃఖంలో మాత్రలు మానేసి మూడోరోజున ఆసుపత్రి పాలయ్యేవాళ్ళు తక్కువేం కాదు.

ఒక నోటుబుక్కు తెరవండి. ఎవరు ఎంత ఖర్చుపెట్టారు, ఎవరు ఎంత చేతికిచ్చారు, ఏ ఆఫీసులో ఎవరితో ఏ తేదీన మాట్లాడారు, ఏ కాగితం ఎవరికిచ్చారు అన్నీ అందులోనే రాయాలి. అన్నదమ్ముల మధ్య దినాల ఖర్చు దగ్గర వచ్చే మాటామాటా చాలావరకు ఈ పుస్తకం లేకే.

పోయినవారి ఫోన్ ఎవరి దగ్గరుందో చూసి భద్రం చేయండి. రీసెట్ చేయొద్దు, సిమ్ తీయొద్దు, రీచార్జ్ ఆపొద్దు. బీమా, పీఎఫ్, బ్యాంకు సమాచారమంతా ఏడాదిదాకా ఆ నంబరుకే వస్తుంది. ప్రీపెయిడ్ నంబరు మూడు నెలలు వాడకపోతే రద్దయి వేరొకరికి వెళ్ళిపోవచ్చు.

విదేశంలో ఉన్న పిల్లల కోసం ఆగాలా

డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో ఊరికి చేరేసరికి ఒకటిన్నర, రెండు రోజులు పడుతుంది. ఆగాలా వద్దా అన్నది మొదటి గంటలోనే తేల్చండి. టికెట్టు దొరికి, తిరిగి వెళ్ళడానికి వీసాకి ఇబ్బంది లేకపోతే ఆగడమే మేలు. కడసారి చూపు దొరకని కొడుకుకో కూతురికో ఆ వెలితి ఏళ్ళతరబడి ఉంటుంది. రాలేనివాళ్ళకి వీడియో కాల్ పెట్టండి. కర్మ చేయాల్సిన కొడుకు రాలేకపోతే తమ్ముడో, కూతురో, అల్లుడో చేయొచ్చు. ఈ రోజుల్లో కూతుళ్ళు తలకొరివి పెట్టడం కొత్తేమీ కాదు.

ఆగేటట్టయితే ఒక రాత్రికి ఫ్రీజర్ బాక్సు చాలు, అంతకుమించితే ఆసుపత్రి మార్చురీయే నయం. బాక్సుకి ఎక్స్‌టెన్షన్ వైరు వాడకుండా గోడకున్న ఎర్తింగ్ ప్లగ్గుకే నేరుగా పెట్టండి. చిన్న ఇన్వర్టరు దాన్ని మోయలేదు, కరెంటు పోయే ఊళ్ళో జనరేటరు మాట్లాడుకోవాలి. వచ్చినవాళ్ళందరి కోసం మూత తెరిస్తే చల్లదనం పోయి అద్దం లోపల నీరు పడుతుంది. మూత ఎవరికోసం తెరవాలో ముందే అనుకోండి.

పిల్లలకి ఎలా చెప్పాలి

చిన్నపిల్లలున్న ఇంట్లో అందరూ చేసే పని, వాళ్ళని పక్కింట్లో పెట్టి ‘నాన్న ఊరెళ్ళాడు’ అని చెప్పడం. ఆ పిల్ల నాలుగు రోజులు గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటుంది. తర్వాత ఎవరో తోటిపిల్ల నోట అసలు సంగతి వింటుంది. అప్పటినుంచి ఇంట్లోవాళ్ళ మాట నమ్మదు. ‘నిద్రపోయాడు’ అంటే నిద్రంటేనే భయపడుతుంది. ‘దేవుడు తీసుకెళ్ళాడు’ అంటే అమ్మని కూడా తీసుకెళ్తాడేమోనని చీర చెంగు వదలదు.

మిగిలిన తల్లో తండ్రో, లేదా బిడ్డకి బాగా చేరికైన మనిషో చెప్పాలి. ఏదో ఒక గదిలో, పక్కన కూర్చోబెట్టుకుని, చేయి పట్టుకుని, నాలుగు మాటల్లో: ‘ఇవాళ పొద్దున నాన్న గుండె పనిచేయడం ఆగిపోయింది. డాక్టర్లు చాలా ప్రయత్నించారు. నాన్న చనిపోయాడు. ఇక మన దగ్గరికి రాలేడు.’ అంతే. ఆ తర్వాత బిడ్డ ఏం అడిగితే దానికి మాత్రం జవాబివ్వండి. ఐదేళ్ళ లోపు పిల్లలకి చావు శాశ్వతమని తెలియదు, ‘నాన్న ఎప్పుడొస్తాడు’ అని రోజూ అడుగుతారు. ప్రతిసారీ అదే జవాబు, అదే గొంతుతో చెప్పాలి. ఆరేడేళ్ళ పిల్లలు తాము అల్లరి చేసినందుకే, కోపంలో ఏదో అన్నందుకే ఇలా జరిగిందనుకుంటారు. వాళ్ళు పైకి అడగకపోయినా ‘ఇది నీ వల్ల జరగలేదు’ అని మీరే చెప్పండి. పదమూడు, పద్నాలుగేళ్ళవాళ్ళు ఏడవకుండా తిరుగుతుంటే ధైర్యంగా ఉన్నారనుకోవద్దు. ‘ఇక నువ్వే ఇంటికి మగదిక్కు’ అనే మాట ఏ పిల్లాడితోనూ ఎవరినీ అననివ్వకండి. ఆ మాట పదో తరగతి పిల్లాడి చదువు మాన్పించిన ఇళ్ళున్నాయి.

శరీరాన్ని చూపించాలా అంటే, ముందుగా చెప్పి అడగండి: నాన్న ఒళ్ళు చల్లగా ఉంటుంది, కదలడు, చుట్టూ చాలామంది ఏడుస్తుంటారు, చూస్తావా? చూస్తానంటే ఒక పెద్దమనిషి తోడుగా తీసుకెళ్ళాలి, వద్దంటే బలవంతపెట్టకూడదు. బడికి వెళ్ళే రోజుకి ముందు క్లాసు టీచరుకి ఫోన్ చేసి చెప్పండి. దినాలయ్యాక బడి, ఆట, నిద్ర వేళలు ఎంత తొందరగా మామూలైతే పిల్లలు అంత తొందరగా కుదుటపడతారు.

దినాలు, కర్మలు

అంత్యక్రియల పద్ధతి ఇంటింటికీ, కులానికీ, ప్రాంతానికీ మారుతుంది. కొందరికి మూడోరోజు చిన్నకర్మ, పదకొండోరోజు పెద్దకర్మ. కొందరికి పదోరోజు ధర్మోదకాలు, పన్నెండోరోజు సపిండీకరణం, పదమూడోరోజు శుభస్వీకారం. క్రైస్తవ కుటుంబాల్లో జ్ఞాపకార్థ కూడిక ఉంటుంది. ముస్లింలు వీలైనంత త్వరగా ఖననం చేస్తారు. మీ ఇంటి పద్ధతి తెలిసిన పెద్దని, పురోహితుణ్ణి మొదటిరోజే కూర్చోబెట్టి తేదీలు, కావలసిన సరుకులు, దానాలు కాగితం మీద రాయించుకోండి. ఖర్చెంతవుతుందో కూడా ఆ రోజే అడగండి, తర్వాత అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది.

దినం భోజనాలకి అప్పు చేయొద్దు. సంపాదించే మనిషి పోయిన ఇంట్లో ఆర్నెల్ల ఇంటిఖర్చు చేతిలో ఉండటం, ఐదొందల మందికి విస్తళ్ళు వేయడం కన్నా చాలా ముఖ్యం. ఎవరైనా వేలెత్తి చూపిస్తారని భయపడితే, ‘అప్పు చేసి భోజనాలు పెట్టం’ అన్న మాట బంధువులకి ఇంటి పెద్ద ఎవరో ఒకరు ముందే చెప్పాలి.

భర్త పోయిన ఆడమనిషికి బొట్టు, గాజులు, పూలు తీయించే తంతు గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఇది ఆమె ఇష్టం. వద్దనుకుంటే ఆమె చేత ఆ మాట పదిమందిలో చెప్పించకుండా కొడుకో కూతురో నిలబడి ‘మా అమ్మకి ఇవేవీ చేయం’ అనాలి. వచ్చిన పెద్దావిడలు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. ఆ తంతు వల్ల తగిలే దెబ్బ, భర్త పోయిన దెబ్బకి తోడై ఆమెని మరింత కుంగదీస్తుంది.

మరణ ధ్రువపత్రం: 21 రోజులు

ఇది లేకపోతే తర్వాత ఏ పనీ కదలదు. మనిషి ఎక్కడ పోతే అక్కడే నమోదవుతుంది, సొంతూళ్ళో కాదు. తెనాలి నాన్న హైదరాబాద్ ఆసుపత్రిలో పోతే నమోదు హైదరాబాద్‌లోనే. ఆసుపత్రిలో పోతే సమాచారమిచ్చే బాధ్యత ఆసుపత్రిది, ఇంట్లో పోతే ఇంటిపెద్దది. గ్రామంలో పంచాయతీ కార్యదర్శి, పట్టణంలో మునిసిపాలిటీ. దరఖాస్తుకు ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయం, తెలంగాణలో మీసేవ.

మరణం జరిగిన 21 రోజుల్లోపు చెబితే రుసుం లేదు. 30 రోజుల్లోపయితే ఆలస్య రుసుం. ఏడాది లోపయితే పై అధికారి అనుమతి, స్వయంగా ధ్రువీకరించిన పత్రం కావాలి. ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా వారు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఉండాలి. శ్మశానవాటిక రసీదు, డాక్టరు ధ్రువపత్రం, ఆధార్ దగ్గర పెట్టుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది పేరు దగ్గర. ఆధార్‌లో ‘కొల్లి వెంకట సుబ్బారావు’, బ్యాంకులో ‘కె.వి. సుబ్బారావు’, పట్టాదారు పాసుపుస్తకంలో ‘సుబ్బయ్య’. ఆసుపత్రి రిజిస్టరులో ఆ హడావిడిలో పక్కింటాయన చెప్పిన పేరు. ధ్రువపత్రంలో ఆధార్‌లో ఉన్నట్టే పేరు, తండ్రి లేదా భర్త పేరు, తేదీ, చిరునామా ఉన్నాయో లేదో నమోదుకి ముందే అక్షరం అక్షరం సరిచూడండి. తర్వాత దిద్దించడానికి నెలలు పడుతుంది. రెండు పేర్లూ ఒకరివేనని కొన్నిచోట్ల నోటరీ అఫిడవిట్టుతో సరిపోతుంది, కొన్నిచోట్ల తహసీల్దారు పత్రం అడుగుతారు. పది ప్రతులు తీసి పెట్టుకోండి, అసలు కాగితం ఎవరికీ వదిలేయకండి.

దీంతోపాటే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. వీఆర్వో లేదా రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చి విచారణ చేస్తారు. పెళ్ళయిన కూతుళ్ళ పేర్లు, పోయినవారి తల్లి బతికుంటే ఆమె పేరు, అందరూ అందులో ఉండాలి. కూతురి పేరు వదిలేసి తెచ్చిన పత్రం తర్వాత కోర్టుకెక్కుతుంది.

గడువున్న డబ్బులు

ముందు పోయినవారి బ్యాంకు పాసుబుక్కులన్నీ తీసి మే నెలాఖరు, జూన్ మొదటి పేజీలు చూడండి. 436 రూపాయలు కట్టయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా: ఏ కారణంతో పోయినా 2 లక్షలు, 55 ఏళ్ళలోపు. 20 రూపాయలు కట్టయి ఉంటే సురక్షా బీమా: 70 ఏళ్ళలోపు ప్రమాద మరణానికి 2 లక్షలు, గుండెపోటు దీని కిందికి రాదు. ఇలాంటి బీమా ఉందని ఇంట్లోవాళ్ళకి చాలాసార్లు తెలియదు, బ్యాంకు తనంతట తాను చెప్పదు. క్లెయిమ్ కాగితం వీలైతే 30 రోజుల్లోనే ఇచ్చేయండి. రూపే ఏటీఎం కార్డుకి కూడా ప్రమాద బీమా ఉంటుంది. ప్రమాదానికి ముందు నిర్ణీత రోజుల్లో ఆ కార్డు వాడి ఉండాలన్నది దాని షరతు.

తెలంగాణలో 18 నుంచి 59 ఏళ్ళ మధ్య పట్టాదారు రైతు అయితే రైతుబీమా 5 లక్షలు, కారణంతో పనిలేదు. మండల వ్యవసాయ విస్తరణ అధికారికి వెంటనే చెప్పాలి.

ఉద్యోగంలో ఉండగా పోతే పీఎఫ్ డబ్బు, కుటుంబ పింఛను, పీఎఫ్‌తోపాటే ఉండే ఈడీఎల్ఐ అనే జీవిత బీమా మూడూ కలిపి అడగాలి. మామూలు ఫారాలు పీఎఫ్‌కి 20, పింఛనుకి 10డీ, బీమాకి 5ఐఎఫ్. ఈడీఎల్ఐ గరిష్ఠంగా 7 లక్షలు వస్తుంది. కంపెనీ హెచ్ఆర్‌వాళ్ళు చెప్పకపోయినా మీరే అడగండి. గ్రాట్యుటీకి ఐదేళ్ళ సర్వీసు నిబంధన మరణానికి వర్తించదు. ప్రభుత్వోద్యోగి అయితే కారుణ్య నియామకానికి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి.

రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోపు కేసు వేయడం క్షేమం. ఢీకొట్టి పారిపోయిన బండి దొరకకపోయినా మరణానికి 2 లక్షల పరిహారం పథకముంది. పోయినవారు సొంత బండి నడుపుతూ, చెల్లుబాటయ్యే లైసెన్సుండి పోతే, పాలసీలో యజమాని–డ్రైవరు ప్రమాద బీమా కట్టారో లేదో చూడండి. కట్టి ఉంటే 15 లక్షలు. ఇంట్లో పడి ఉన్న ఆ పాలసీ కాగితాన్ని ఎవరూ తిప్పి చూడరు.

ఎల్ఐసీ, ప్రైవేటు బీమాలకు అసలు బాండు, మరణ పత్రం, క్లెయిమ్ ఫారం చాలు. పాలసీ తీసుకుని మూడేళ్ళలోపే పోతే కంపెనీ విచారణ చేస్తుంది, ఆసుపత్రి రికార్డులన్నీ అడుగుతుంది. వాటిని పారేయకండి.

పేదరికరేఖకు దిగువనున్న కుటుంబంలో సంపాదించే మనిషి 18–59 ఏళ్ళ మధ్య పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20,000 రూపాయలు వస్తాయి. భర్త పోయినవారికి పింఛను ఆంధ్రలో నెలకు 4,000, తెలంగాణలో 2,016. వితంతువు దగ్గర పెరుగుతున్న పిల్లలకి, ఆదాయ పరిమితికి లోబడి, మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 సాయం ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి.

బ్యాంకులో

పోయినవారి ఏటీఎం కార్డుతో, యూపీఐతో డబ్బు తీయొద్దు. పిన్ను తెలిసినా సరే. ఇతర వారసులు అడిగిననాడు అది నేరంగా మారుతుంది. పింఛను ఖాతా అయితే మరణం తర్వాత పడిన పింఛను వెనక్కి కట్టాలి, కాబట్టి వెంటనే బ్యాంకుకి చెప్పండి. ‘ఎయిదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు) అని ఉన్న జాయింటు ఖాతా మిగిలినవాళ్ళ పేరుతో నడుస్తుంది. నామినీ ఉంటే మరణ పత్రం, నామినీ ఆధార్‌తో డబ్బు ఇచ్చేయాలి; కాగితాలన్నీ అందాక గడువు 15 రోజులు. నామినీ ఉన్నా కూడా కోర్టు పత్రం తెమ్మంటే, ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి. చాలాసార్లు అక్కడితో పని జరుగుతుంది.

నామినీ అంటే ఆస్తి పొందే మనిషి కాదు, బ్యాంకు దగ్గర తీసుకుని వారసులకి పంచాల్సిన మనిషి. పెద్దకొడుకు నామినీ అయితే డబ్బంతా అతనిదే అనుకోవడం వల్ల తోబుట్టువుల మధ్య మాటలు ఆగిపోతున్నాయి. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలయితే సొమ్ము వాళ్ళదే.

అప్పులవాళ్ళు వచ్చినప్పుడు

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక నలుగురు పెద్దమనుషులు వరండాలో కూర్చుంటారు. ఎవరో ఒకాయన జేబులోంచి ప్రామిసరీ నోటు తీస్తాడు. ‘మీ నాన్న తీసుకున్నాడు, నువ్వు కాదనవుగా. దీన్ని నీ పేరు మీద తిరగరాసివ్వు, తొందరేం లేదు’ అంటాడు. నాన్న పరువు కాపాడాలని కొడుకు సంతకం పెడతాడు. ఆ సంతకంతో, తనకి సంబంధం లేని అప్పు అతని సొంత అప్పయిపోతుంది.

తండ్రి అప్పుకి వారసులు బాధ్యులయ్యేది ఆయన్నుంచి తమకొచ్చిన ఆస్తి విలువ మేరకే. ఆస్తేమీ రాకపోతే కట్టాల్సిన చట్టపరమైన బాధ్యత లేదు. హామీ సంతకం పెట్టినవాళ్ళ సంగతి, తాకట్టులో ఉన్న ఇంటి సంగతి వేరు. మామూలు ప్రామిసరీ నోటుకి గడువు మూడేళ్ళు. వెనకాల వంద రూపాయలు చెల్లు వేయించి సంతకం పెట్టించుకున్నా ఆ గడువు మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి వచ్చిన ప్రతివారికీ మర్యాదగా ఒకటే మాట: ‘నోటు ఫొటో ఇవ్వండి, పుస్తకంలో రాసుకుంటాం, అందరం కూర్చుని చూసి రెండు నెలల్లో చెబుతాం.’ నిజమైన అప్పు తీర్చాలని మీకుంటే తీర్చండి, అది మంచిపనే. తీర్చిన రోజున నోటు వెనక్కి తీసుకోండి. ఆలోపు కొత్త కాగితం మీద సంతకం వద్దు. నాన్నకి రావాల్సిన బాకీలు కూడా అదే పుస్తకంలో రాయండి, వాటికీ మూడేళ్ళ గడువుంది.

ఇల్లు, కారు, బంగారం లోన్లకి బీమా జతచేసి ఉందేమో లోను కాగితాల్లో చూడండి. ఉంటే కంపెనీ తీరుస్తుంది. బంగారం తాకట్టులో ఉంటే వడ్డీ కట్టి వేలం ఆపుకోండి, వారసుల కాగితాలతో తర్వాత విడిపించుకోవచ్చు.

ఆస్తి పంపకం

దినాల్లోనే కూతుళ్ళని కూర్చోబెట్టి ‘మీ వాటా వదిలేస్తున్నట్టు సంతకం పెట్టండి’ అనడం మన ఇళ్ళలో మామూలైపోయింది. ఏ కూతురూ ఆ వారంలో సంతకం పెట్టకూడదు, ఏ కొడుకూ అడగకూడదు. ఇవ్వాలనుకుంటే ఆమె ఆర్నెల్ల తర్వాతయినా ఇవ్వగలదు. స్థిరాస్తిలో హక్కు విడుదల రిజిస్టరు అయితేనే చెల్లుతుంది, స్టాంపు కాగితం మీద రాసుకున్నది నిలబడదు.

వీలునామా లేకుండా హిందూ తండ్రి పోతే ఆయన స్వార్జితంలో భార్య, కొడుకులు, కూతుళ్ళు, ఆయన తల్లి, అందరికీ సమాన వాటా. నానమ్మ వాటాని అందరూ మర్చిపోతారు. హిందూ తల్లి పోతే భర్తకీ పిల్లలకీ సమానం. పిత్రార్జితంలో కూతుళ్ళకి కొడుకులతో సమాన హక్కు 2005 నుంచి దేశమంతటా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1985 సెప్టెంబరు నుంచి, పెళ్ళికాని కూతుళ్ళకి ఇచ్చింది. ముస్లింలకి షరియత్, క్రైస్తవులకి భారత వారసత్వ చట్టం.

పొలం వారసుల పేర్లకి మారడాన్ని తెలంగాణలో విరాసత్ అంటారు, ఇప్పుడది భూభారతి అనే భూరికార్డుల పోర్టల్ ద్వారా జరుగుతుంది. ఆంధ్రలో మ్యుటేషన్‌కి సచివాలయంలో దరఖాస్తు. ముందు ఈసీ (రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీసి ఆ భూమి మీద తాకట్టు, అమ్మకం ఒప్పందాలున్నాయేమో చూడండి. విదేశంలో ఉన్న వారసుడు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. ఈ రెండో భాగం మర్చిపోతే రిజిస్ట్రారు ఆఫీసులో కాగితం వెనక్కొస్తుంది.

మిగిలిన మనిషి

పదమూడోరోజు దాటాక ఇల్లు ఖాళీ అవుతుంది. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. అమ్మని ‘నెల నా దగ్గర, నెల తమ్ముడి దగ్గర’ అని వెంటనే పంపించడం మొదలుపెట్టకండి. ఆమెకి తెలిసిన వీధి, తెలిసిన పాలవాడు, తెలిసిన గుడి ఉన్న ఇల్లే కొన్ని నెలలు నయం. ఎవరో ఒకరు వెళ్ళి ఆమె దగ్గర ఉండాలి. ఇల్లు అమ్మే మాట ఏడాదిదాకా వద్దు. నాన్న ఒక్కడే మిగిలితే వంట, మాత్రల డబ్బా, కరెంటు బిల్లు వంటివి ఒక్కొక్కటిగా నేర్పించాలి. ఇన్నాళ్ళూ ఆ పనులు అమ్మే చూసి ఉంటుంది. బట్టలు, కళ్ళజోడు, పడక ఎప్పుడు తీయాలో మిగిలిన మనిషే చెప్పాలి. వాళ్ళు లేనప్పుడు కోడలో కూతురో ‘చూస్తే బాధపడుతుంది’ అని బీరువా ఖాళీ చేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

మాసికాల రోజుల్లో, పండగల్లో, పెళ్ళిరోజున దుఃఖం మళ్ళీ మొదటిరోజంత ఉంటుంది. అది జబ్బు కాదు. కానీ ఆర్నెల్లు దాటినా నిద్ర, తిండి లేకపోవడం, మనిషిని చూడటానికి ఇష్టపడకపోవడం, తను కూడా పోతే బాగుండునని పదేపదే అనడం కనిపిస్తే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. చావు మాట ఎప్పుడు ఎత్తినా ఆర్నెల్లదాకా ఆగొద్దు, అదే రోజు కదలండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఏడాది లోపు చేయాల్సిన చివరి పనులు

పోయినవారికి పన్ను పడే ఆదాయముంటే ఆ ఏడాది రిటర్ను వారసుల్లో ఒకరు, ఆదాయపన్ను పోర్టల్‌లో చట్టబద్ధ వారసుడిగా నమోదై వేయాలి. ఆధార్ సంస్థకి మరణ సమాచారం మైఆధార్ పోర్టల్‌లో ఇవ్వొచ్చు, దాంతో ఆ నంబరు దుర్వినియోగం కాదు. రేషన్ కార్డులో, కరెంటు మీటరులో, గ్యాస్ కనెక్షన్‌లో పేరు మార్పించండి. ఫోన్ నంబరు కావాలంటే కుటుంబంలో ఒకరి పేరుకి మార్పించుకోండి. పాన్ కార్డు మాత్రం ఆఖరి రిటర్ను వేసి, రావాల్సిన రీఫండ్ ఖాతాలో పడ్డాకే సరెండర్ చేయాలి.